నలుగురు మోసిన మంచము

(ప్రజారోగ్య సేవలో నాయకత్వము, సహకారము అనే అంశముపై శ్రీనగర్ కాలనీలో జరిగిన శతవార్షిక కూడికలో సంఘ ఆరోగ్య కమిటీ పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షిక సందర్భములో మాకు అప్పగించిన అంశము ప్రజారోగ్య సంస్థలలో నాయకత్వము, సహకారము. అంశము చూసి మొదట మేము వెనుకాడాము. మాలో ఇద్దరు వైద్యులు, ముగ్గురు నర్సులు ఉన్నారు. మిగిలినవారము బడిపంతుళ్లము, బ్యాంకు ఉద్యోగులము, గృహిణులము. సంస్థలను నడపటము గురించి పెద్ద మాటలు చెప్పే అర్హత మాకు లేదు. అయితే ఒక మంచి పని చేయబోయి దానిని ఎలా చెడగొట్టామో, ఆ తర్వాత ఎవరిని చూసి నేర్చుకున్నామో చెప్పగలము. అదే మీ ముందు ఉంచుతున్నాము.

కపెర్నహూములో పక్షవాయువుతో పడియున్న మనిషిని నలుగురు మోసుకొని వచ్చిన సంగతి మనకందరికీ తెలిసినదే. గుంపు అడ్డము వచ్చింది. వారు ఇంటి పైకప్పు విప్పి మంచమును కిందికి దించారు. ఆ నలుగురి పేర్లు సువార్తలో లేవు. ముందు నడిచినది ఎవరో, పైకి ఎక్కుదామన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో మనకు తెలియదు. నాలుగు మూలలూ కలిసి ఎత్తారు, కలిసి దించారు, రోగి ప్రభువు ఎదుట చేరేవరకు ఎవరూ తమ మూల వదలలేదు. ముగ్గురు ఎంత గట్టిగా పట్టుకున్నా నాలుగవవాడు మధ్యలో వదిలితే పడేది మోసేవాడు కాదు, మంచము మీద ఉన్నవాడు. మేము చెప్పబోయేదంతా ఈ మాటకు వివరణ మాత్రమే.

మొదట మా తప్పు చెప్పుకోనివ్వండి. కొన్నేళ్ల క్రితము మా సంఘములో నెలకొక ఆదివారము ఆరాధన తర్వాత ఉచిత వైద్య శిబిరము నడిపేవారము. శ్రీనగర్ కాలనీ అపార్టుమెంటులలో కాపలా ఉండేవారు, ఇంటిపని చేసే అక్కచెల్లెళ్లు, డ్రైవర్ల కుటుంబాలవారు వచ్చేవారు. వారిలో ఒక సోదరి దగ్గుతో వచ్చింది. మొదటి నెల దగ్గు మందు ఇచ్చాము. రెండవ నెల బలానికి బిళ్లలు ఇచ్చాము. మూడవ నెల వేరొక డాక్టరు గారు కూర్చున్నారు. ఆయన యాంటీబయాటిక్ వ్రాశారు. మధ్యలో ఆమె మరొక శిబిరానికీ, ఒక క్లినిక్కుకూ వెళ్లింది. ప్రతిచోటా ఒక చీటీ ఇచ్చారు. ఆమె చేతిలోని ప్లాస్టిక్ కవరులో చీటీలన్నీ భద్రముగా ఉన్నవి. మాతో సహా వాటిని పక్కపక్కన పెట్టి చదివినవారు ఒక్కరూ లేరు. తెమడ పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. తోచినవారు ఉంటే, పక్కవారు చేయించి ఉంటారులే అనుకొని ఉంటారు.

ఆ తర్వాత ఆమె కనబడలేదు. కనబడలేదన్న సంగతి కూడా మేము గమనించలేదు. ఏడు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి ఆమెతోపాటు ఎనిమిదో తరగతి చదివే కూతురు కూడా దగ్గుతున్నది. “ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావమ్మా?” అని మాలో ఒకరు అడిగితే, “ఇల్లు మారినమమ్మా. మీరిచ్చిన మందు మంచిదే, నాకే సరిగ్గ పడలె” అన్నది. తప్పు తనమీదే వేసుకున్నది. పరీక్ష చేయిస్తే తల్లీకూతుళ్లిద్దరికీ క్షయ అని తేలింది. దేవుని కృపవలన ఇద్దరూ ప్రభుత్వ మందులతో పూర్తిగా బాగుపడ్డారు. ఆ పిల్లకు మాత్రము ఒక సంవత్సరము చదువు పోయింది.

ఆ రాత్రి మేము మా పాత రిజిస్టరు తీసి చూసుకున్నాము. ఆ సంవత్సరపు శిబిరముల నివేదికను సంఘ వార్షిక కూటములో చదివాము, అందరూ చప్పట్లు కొట్టారు. ఎంతమందికి వైద్యము చేశామో అందులో ఉన్నది. ఆ లెక్కలో ఈ సోదరి ఒక్కతి కాదు, ముగ్గురు. మూడుసార్లు వచ్చింది కాబట్టి ముగ్గురు రోగులకు సేవ చేసినట్లు వ్రాసుకున్నాము. ఆమెకు ఏమైందో వ్రాసే గడి మాత్రము ఆ పుస్తకములో లేనే లేదు.

పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరకే అనలేదు. కర్ర అందరి చేతిలోనూ ఉంటుంది. కొట్టేది పక్కవాడని ప్రతివాడూ అనుకుంటాడు. సహాయము చేసేవారు లేకపోవటము ఒక దౌర్భాగ్యము. సహాయము చేసేవారు పదిమంది ఉండి, ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవటము మరొక దౌర్భాగ్యము. మన హైదరాబాదు వంటి నగరములో రెండవదే ఎక్కువ. పంజగుట్టలో నిమ్స్ ఉన్నది, ఎర్రగడ్డలో ఛాతీ ఆస్పత్రి ఉన్నది, అమీర్‌పేటలో ప్రభుత్వ ఆస్పత్రి ఉన్నది, 2018 నుండి బస్తీ దవాఖానాలు వచ్చినవి, ప్రైవేటు క్లినిక్కులకు లెక్కే లేదు. ఇన్నిటి మధ్యనుండి ఒక మనిషి జారిపోగలదని మాకు ఆ సోదరి వలన తెలిసింది.

ఇప్పుడు నేర్చుకున్న సంగతి. దీనికి దూరము పోనక్కరలేదు. మన తెలుగు సంఘముల చరిత్రలోనే ఒక పాఠము ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దము మొదట్లో దక్షిణ భారతములో పనిచేసే మిషనులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రాంతము, ఒక్కొక్క దేశమునుండి వచ్చే డబ్బు, ఒక్కొక్క ఆచారము ఉండేవి. క్షయరోగులకు ప్రత్యేకమైన ఆస్పత్రి కట్టటము ఏ ఒక్క మిషనుకూ ఒంటరిగా సాధ్యమయ్యే పని కాదు. అందుచేత పలు మిషనులు చేతులు కలిపి, 1912లో మదనపల్లె దగ్గర ఒక శానిటోరియమునకు పునాది వేశాయి. 1915లో అది తెరవబడినది. డేన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు. దానిపేరులోనే ‘యూనియన్ మిషన్’ అని పెట్టుకున్నారు. ఫలానా మిషనువారి ఆస్పత్రి అని బోర్డు మీద లేదు. ఆ చోటును మనవారు ఆరోగ్యవరము అని పిలుచుకున్నారు, ఇప్పటికీ అదే పేరు. 1948లో మన దేశములో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. తర్వాతి సంవత్సరాలలో ఆ చుట్టుపక్కల ఊళ్లలో క్షయ ఎలా ప్రాకుతున్నదో ఇంటింటికీ తిరిగి పరిశీలించిన పని కూడా అక్కడివారిదే.

బోర్డు మీద తన పేరు లేకపోయినా ఫరవాలేదని ఒప్పుకున్న మిషనులు ఉండబట్టే ఆ ఆస్పత్రి నిలిచింది. ఇది వినటానికి చిన్న సంగతి. సంఘ కమిటీలలో కూర్చున్నవారికి ఇది ఎంత పెద్ద సంగతో తెలుసు. ఒక మంచినీళ్ల కుండ పెట్టినా దానిమీద ఎవరి పేరు వ్రాయాలన్న దగ్గర మనము ఆగిపోతాము.

అయితే శానిటోరియములతోనే క్షయ పోలేదు. మంచములు కొన్ని, రోగులు లెక్కకు మించి. 1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి ఒక కేంద్రము తెరిచాయి. పేదవారి ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు మింగినవారిని, శానిటోరియములో మంచి తిండి తింటూ విశ్రాంతిగా ఉన్నవారిని పోల్చి చూశారు. 1959లో ఫలితము ప్రకటించారు. మందు సరిగా మింగితే ఇంటి దగ్గర కూడా దాదాపు అంతే మేలు జరుగుతుందని తేలింది. ఇంట్లోనివారికి అదనముగా ప్రమాదమేమీ కనబడలేదు. ఆ ఒక్క పరిశోధనతో ప్రపంచమంతటా క్షయ వైద్యము దారి మార్చుకున్నది.

ఇక్కడే నాయకత్వమన్న ప్రశ్న మొదలవుతున్నది. రోగి వార్డులో ఉన్నంతకాలము ఎవరు బాధ్యులో అందరికీ తెలుసు. రోగి ఇంటిలో ఉంటే బాధ్యుడు ఎవరు? క్షయకు నెలల తరబడి మందు మింగాలి, ఈ రోజుల్లో సాధారణముగా ఆరు నెలలు. రెండు నెలలు గడిచేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్లు వస్తుంది. ఇక మందు ఎందుకు అనిపిస్తుంది. మధ్యలో మానితే మిగిలిన సూక్ష్మజీవులు మందుకు లొంగని రకముగా మారే ప్రమాదము ఉన్నది. అప్పుడు వైద్యము ఇంకా కష్టము, ఇంకా దీర్ఘము. కాబట్టి మందు కనిపెట్టటముతో పని పూర్తి కాలేదు. మందు చివరి బిళ్ల వరకు రోగి నోటికి చేరిందా అని చూసే మనిషి కావాలి.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు మన నగరములోనే ఉన్నారు. పంజగుట్టనుండి మాసబ్ ట్యాంకు వైపు వెళ్తే మహావీర్ ఆస్పత్రి వస్తుంది. అది జైన సోదరుల ధర్మసంస్థ నడిపే ఆస్పత్రి. 1995లో అక్కడి ఛాతీ వైద్యులు డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి గారి ఆధ్వర్యములో, ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమముతో కలిసి ఒక పని మొదలైంది. క్రమేణా ఐదు లక్షల జనాభాగల ప్రాంతమునకు క్షయ వైద్యపు బాధ్యతను ఆ ఆస్పత్రి వహించింది. ప్రభుత్వము మందులు ఉచితముగా ఇచ్చింది. ఆస్పత్రి తన మనుషులను, ప్రయోగశాలను ఇచ్చింది. చుట్టుపక్కల ప్రైవేటు వైద్యులు అనుమానమున్న రోగులను పరీక్షకు పంపారు. పరీక్షలో క్షయ అని తేలితే, రోగి తన ఇంటికి దగ్గరలోని చిన్న నర్సింగ్ హోములోనే, మరొకరు చూస్తుండగా మందు మింగే ఏర్పాటు చేశారు. 2001లో ఈ అనుభవమును ఒక అంతర్జాతీయ క్షయ పత్రికలో ప్రకటించారు. కొత్త రోగులలో నూటికి తొంభైమంది వరకు వైద్యము విజయవంతముగా ముగించినట్లు అందులో ఉన్నది. ప్రభుత్వము, ప్రైవేటు వైద్యము కలిసి పనిచేయగలవనటానికి హైదరాబాదును ఇతర దేశాలవారు కూడా ఉదాహరణగా చెప్పుకున్నారు.

ఇందులో నాయకుడు ఎవరు? ఆలోచించి చూడండి. మందులూ అధికారమూ ప్రభుత్వము దగ్గర ఉన్నవి. రోగి ప్రైవేటు వైద్యుని దగ్గర ఉన్నాడు, ఎందుకంటే మన నగరములో జ్వరము వచ్చినా దగ్గు వచ్చినా ఎక్కువమంది మొదట వెళ్లేది వీధి చివరి డాక్టరు గారి దగ్గరికే. పేరూ నమ్మకమూ ఆ ధర్మాస్పత్రి దగ్గర ఉన్నవి. ఏ ఒక్కరి దగ్గరా అన్నీ లేవు. తన రోగి మళ్లీ తన దగ్గరికి రాడేమోనన్న జంకు ప్రైవేటు వైద్యునికి ఉండటము సహజము. రోగి మందు మింగేది తన వీధిలోనే అయితే ఆ జంకు చాలావరకు తీరుతుంది. ఇలాంటి జంకులను అర్థము చేసుకొని ముడులు ఒక్కొక్కటే విప్పినవారే అక్కడ నాయకులు. అందరికంటె ఎత్తున కూర్చున్నవారు కారు, అందరి మధ్య నిలిచినవారు.

దీనినుండి మేము మూడు సంగతులు తీసుకున్నాము.

మొదటిది, ఎవరు ఏ మూల పట్టుకోవాలో ముందే తేల్చుకోవాలి. ఆది సంఘములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో లోటు జరుగుతున్నదని సణుగు పుట్టింది. అపొస్తలులు దానిని అణచివేయలేదు. తామే అన్నీ చూసుకుంటామనీ అనలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘమునకే చెప్పి ఆ పని వారికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే లోటు జరిగినవారి పక్షమువారినే వడ్డించే చోట నిలబెట్టారు. అధికారమును వదులుకోగలిగినవాడికే సహకారము దొరుకుతుందని ఇంతకంటె చక్కగా చెప్పినవారు లేరు.

రెండవది, లెక్క. నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయిందని కాపరికి ఎలా తెలిసింది? సాయంత్రము లెక్కపెట్టాడు కాబట్టి. ఉదయము మందలో ఎన్ని బయలుదేరాయో చెప్పి మురిసిపోయేవాడికి ఆ తప్పిపోయినది ఎన్నటికీ కనబడదు. మా పాత రిజిస్టరు ఉదయపు లెక్క. మేమే కాదు, సంస్థలు చాలావరకు ఉదయపు లెక్కలే చెబుతాయి: ఎన్ని శిబిరాలు, ఎన్ని బిళ్లలు, ఎంతమంది హాజరు. ఎంతమంది ముగించారు, ఎవరు మధ్యలో మానారు, ఎందుకు మానారు అన్నది సాయంకాలపు లెక్క. అది చెప్పటానికి ధైర్యము కావాలి. ఎందుకంటే అందులో మన లోపము కనబడుతుంది. తన కింద పనిచేసే నర్సు గాని ఆశా కార్యకర్త గాని “అయ్యా, ఇద్దరు తప్పిపోయారు” అని భయపడకుండా చెప్పగలిగితే, ఆ పైవాడు నాయకుడు. చెప్పటానికి భయపడి, ఇద్దరినీ వచ్చినట్లే వ్రాసుకుంటే, ఆయన ఎంత పెద్ద పదవిలో ఉన్నా కాపరి మాత్రము కాడు.

మూడవది, పేరు. ఆరోగ్యవరము సంగతి చెప్పాము. దానికి ఇంకేమీ కలపనక్కరలేదు.

ప్రస్తుతము మేము ఏమి చేస్తున్నామంటే, శిబిరములు మానలేదు గాని తగ్గించాము. ఒకే పుస్తకము పెట్టాము. మనిషికి ఒక వరుస. చివరి గడిలో ‘ఏమైంది?’ అని ఉంటుంది. ఆ గడి నిండేవరకు ఆ వరుస కమిటీలో ఒకరి పూచీ. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారికి మందు ఇచ్చి పంపము. మాలో ఒకరు తోడు వెళ్లి ప్రభుత్వ ఆస్పత్రిలో తెమడ పరీక్ష చేయిస్తారు. పక్క వీధిలోని గుడి కమిటీవారితోను, మసీదు పెద్దలతోను కూడా ఈ సంగతి మాట్లాడాము. దగ్గుకు మతము లేదు కదా.

మా పొరుగున అమీర్‌పేట ఉన్నది. జిల్లాలనుండి కోచింగ్ కోసము వచ్చిన యువతీ యువకులు అక్కడి హాస్టళ్లలో గదికి నలుగురైదుగురు ఉంటారు. దగ్గు వస్తే హాస్టలు యజమాని ఖాళీ చేయమంటాడేమోనని దాచుకుంటారు. మందు మొదలుపెట్టినా కోర్సు అయిపోగానే ఊరికి వెళ్లిపోతారు. అలాంటి ఒక కుర్రవాడి విషయములో మాకు ఉపయోగపడినది నిక్షయ్. 2012లో ప్రభుత్వము మొదలుపెట్టిన ఈ కంప్యూటరు పట్టికలో ప్రతి క్షయరోగికీ ఒక నంబరు ఉంటుంది. ప్రైవేటు వైద్యులు కూడా తమ క్షయరోగులను ప్రభుత్వమునకు తెలపాలన్న నియమము వచ్చినది కూడా 2012లోనే. ఆ నంబరు పుణ్యమా అని ఆ కుర్రవాడు సొంత జిల్లాలో మందు ఆపకుండా కొనసాగించాడు. అయితే కంప్యూటరు అతని ఇంటి తలుపు తట్టదు. వెళ్లావా, మందు తీసుకున్నావా అని ప్రతి ఆదివారము ఫోను చేసినది మా కమిటీలోని ఒక అమ్మగారు.

ప్రియులారా, ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాలుగింట ఒక వంతు మన దేశములోనే ఉన్నారు. 2025 నాటికి ఈ వ్యాధిని అంతము చేయాలని మన దేశము గడువు పెట్టుకున్నది. వ్యాధి ఇంకా మన మధ్యనే ఉన్నది. రోగుల పోషణకు ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసింది. 2022లో నిక్షయ్ మిత్ర అనే ఏర్పాటు తెచ్చింది. దానిలో ఎవరైనా, ఏ సంఘమైనా, ఒక రోగికి చికిత్సా కాలములో ఆహారపు బుట్ట ఇచ్చే పూచీ తీసుకోవచ్చును. ఈ శతవార్షిక సంవత్సరములో మన అధ్యక్ష మండలములోని ప్రతి సంఘము ఒక్క రోగికి పూచీపడితే చాలునని మా మనవి. ఒకటే షరతు. బుట్ట ఇచ్చేటప్పుడు ఫోటో తీయవద్దు. ఆ రోగి పేరు ప్రకటనలలో చదవవద్దు. ఆమె పిల్లకు పెళ్లి కావలసి ఉంటుంది, ఆయన పని నిలవవలసి ఉంటుంది. ఆరు నెలలు గడిచాక ‘ఏమైంది?’ అన్న గడిలో ‘బాగుపడ్డారు’ అని వ్రాసుకుంటే అదే మన నివేదిక.

నూరు సంవత్సరముల నాడు మన సంఘములకు పునాది వేసినవారిలో కొందరి పేర్లు గోడల మీద చెక్కి ఉన్నవి. గుడి కట్టటానికి రాళ్లు మోసినవారి పేర్లు, రాత్రివేళ కాన్పుకు లాంతరు పట్టుకొని నడిచిన బైబిలు స్త్రీల పేర్లు లేవు. మంచము మోసిన ఆ నలుగురి పేర్లు కూడా లేవు. కాని ఆ మనిషి లేచి, తన పరుపు తానే ఎత్తుకొని ఇంటికి నడిచాడు. నలుగురూ అది చూసే ఉంటారు. వారికి అది చాలి ఉంటుంది.